పొలిమేర తాడు

అక్టోబర్ 9

ఒళ్ళు మండిపోతోంది. ఎవరితో చెప్పుకోవాలో తెలియక రాస్తున్నాను.

ఇవాళ దావత్‌లో మా చిన్నమామ కొడుకు నలుగురిలో అన్నాడు: “అన్నకేంది వదినా, నీలి టోపీ డ్యూటీ అంటే నీడపట్టున కూసునుడే కదా. లొల్లి మనది కాదు, పానానికి ఫికర్ లేదు.” అందరూ నవ్వారు. నేను నోరు తెరిచేలోపు అత్త నా చేయి గిల్లింది. అన్నం సగంలో వదిలేసి వచ్చాను.

పానానికి ఫికర్ లేదట! పొద్దున్నుంచి మా ఆయన ఫోన్ కలవడం లేదు. టీవీలో కిందనుంచి పోయే అక్షరాల్లో ఒక్క ముక్క కనిపించింది, అక్కడ మళ్ళీ కాల్పులని. సరిగా చదివేలోపే పోయింది, దాని వెనక సినిమావాళ్ళ పెళ్ళి వార్త వచ్చింది. ఆ దేశం పేరు అత్తకు నోరు తిరగదు. “అవతలి దేశం” అంటుంది. నాకూ అలాగే అలవాటైంది.

మా ఆయన శ్రీశైలం ఆర్మీలో చేరినప్పటి నుంచీ కాశ్మీరు చలి చూశాడు, రాజస్థాన్ ఎండ చూశాడు. అక్కడ కనీసం శత్రువు ఎవరో తెలుసు. ఇప్పుడు ఎవరివో రెండు పక్షాల మధ్య తెల్ల బండి మీద నిలబడ్డాడు. ఆ రెండు పక్షాలూ కాల్పులు ఆపుతామని సంతకాలు చేశాయి. ఆపారో లేదో చూడడానికి నాలుగైదు దేశాల సైనికులను పోగేసి శాంతిసేన అని పేరు పెట్టి పంపారు. చూడడానికి. ఆయన పోయేముందు ఈ మాటే చెప్పాడు గానీ, నేను అప్పుడు పట్టించుకోలేదు.

అక్టోబర్ 10

ఫోన్ కలవలేదు.

అక్టోబర్ 11

ఫోన్ కలవలేదు. అంగన్‌వాడీలో పిల్లలకు పాట చెబుతూ మధ్యలో మరిచిపోయాను. పిల్లలే పూర్తిచేసుకున్నారు.

అక్టోబర్ 12

మాట్లాడాడు. బాగున్నాడు. ఏడుపు ఆగాక కోపం వచ్చింది.

“కాల్పులు అయినయట కదా?”

“అయినయ్.”

“మరి మీరేం చేసిండ్రు?”

“రాసుకున్నం. ఏ దిక్కుకెల్లి వచ్చినయ్, ఎంతసేపు వచ్చినయ్, అన్ని రాసి పైకి పంపినం.”

“పైనోళ్ళేం చేస్తరు?”

“రెండు దిక్కులోళ్ళను పిలిచి కూసోబెడతరు. చాయ్ తాపుతరు. ఎవరు కాల్చిండ్రని అడుగుతరు.”

“ఏమంటరు వాళ్ళు?”

“మేం కాదంటరు.”

అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటి దగ్గర కుక్క పొరుగువాళ్ళ కోడిని పట్టుకుంటేనే ఊరంతా పంచాయితీ పెడతాం. అక్కడ ఇండ్లు తగలబెడుతుంటే వీళ్ళు దిక్కులు రాసుకుంటున్నారు. భుజాన ఆ తుపాకీ ఎందుకు మరి? కాగితాలు ఎగిరిపోకుండా మీద పెట్టుకోవడానికా?

నవంబర్ 20

ఇవాళ చాలాసేపు మాట్లాడాడు. నేను కోపంగా అడుగుతూ పోయాను, ఆయన ఓపికగా చెబుతూ పోయాడు. తమ మీదికి వస్తేనే కాల్చాలట. జనాన్ని కాపాడాలని కాగితంలో ఉందట, కానీ “వీలైనంతవరకు” అని కూడా ఉందట. ఏ రోడ్డు మీద తిరగాలన్నా రెండు పక్షాలూ సరేననాలట. ఒక్కోసారి ఆ పక్షంవాళ్ళే రోడ్డుకు అడ్డంగా మొద్దు వేసి ఇవాళ ఇటు రావద్దంటారట. వీళ్ళు బండి తిప్పుకుని వచ్చి, రానివ్వలేదని రాస్తారట. దొంగను అడిగి గస్తీ తిరగడం నేను ఇదే వినడం.

“అయితే మీరెందుకక్కడ?” అన్నాను.

అప్పుడు అంగడి సంగతి చెప్పాడు. వారానికొకసారి కూడలిలో అంగడి పెడతారు. వీళ్ళ తెల్ల బండి అక్కడ నిలబడితే ఆ రోజు రెండు పక్షాలవాళ్ళూ కూరగాయలు కొనుక్కుని పోతారు, తుపాకీ పేలదు. అక్కడ ఒక ముసలామె మక్కకంకులు కాలుస్తుంది. ఈయనకు ఒకటి ఊరికే ఇస్తుంది, వద్దంటే తిడుతుంది. “తిట్టుడు మీదికెల్లి చూస్తే మా అమ్మే,” అన్నాడు. ఆ మాట అత్తకు చెబితే సాయంత్రం దాకా మురిసింది.

డిసెంబర్ 8

ఇటుకబట్టీకి ఒరిస్సావాళ్ళు దిగారు. బట్టీ మా ఊరికి తూర్పున ఉంది. హైవే పడమరన ఉంది. వాళ్ళు దవాఖానకు పోవాలన్నా, అంగడికి కట్టంగూర్ పోవాలన్నా మా ఊరి మధ్యనుంచే తొవ్వ.

ఒక చిన్న వయసు పిల్ల గర్భంతో ఉంది, పేరు సుకాంతి. మొదటి కాన్పు, నాలుగో నెల. నా సెంటర్లో పేరు రాసుకున్నాను. గుడ్లు, పాలు ఇక్కడికే వచ్చి తీసుకోవాలి అంటే “సరే మేడం” అంది. ఆ రెండు మాటలూ ముందే నేర్చుకుని వచ్చినట్టుంది. బరువు తక్కువగా ఉంది. బట్టీ ఓనర్‌కు ఫోన్ చేసి గర్భంతో ఉన్న మనిషితో ఇటుకలు మోయిస్తే ఊరుకోనని గట్టిగా చెప్పాను. “మోయిస్తలేను మేడం, తిప్పిపిస్తున్న అంతే,” అన్నాడు. ఎండే ఇటుకలను రోజంతా వంగి తిప్పడం వాడి లెక్కలో పని కాదు! నోటికొచ్చినట్టు తిట్టాను. రేపటి నుంచి ఆ పిల్లను వంటకు పెడతానన్నాడు.

జనవరి 22

మాట్లాడాడు. గొంతు బాగాలేదు. జలుబన్నాడు.

జనవరి 29

మాట్లాడాడు. ఇంకా జలుబేనట. మక్కకంకుల ఆమె ఎట్లుందని అత్త అడిగింది. లైన్ కట్టయింది.

ఫిబ్రవరి 19

ఇంటికి వచ్చాడు, మూడు నెలల సెలవు. బక్కచిక్కాడు.

గ్రామపంచాయతీ దగ్గర సన్మానం చేశారు. సర్పంచ్ లింగస్వామి మామ శాలువా కప్పి, మా ఊరి బిడ్డ దేశాల కొట్లాటలు ఆపి వచ్చాడని మైకులో ఊదరగొట్టాడు. దావత్‌లో ఎకసెక్కమాడిన చిన్నమామ కొడుకే ముందు వరసలో నిలబడి ఫోటోలు తీశాడు. సిగ్గులేని జన్మ. రెండు మాటలు మాట్లాడమంటే ఆయన మైకు పట్టుకుని, “నేనేం ఆపలే,” అని మైకు తిరిగిచ్చేశాడు. వినయమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మార్చి 14

అరుగు మీద చింతపండు గింజ తీస్తున్నాం. అత్త చేనుకు పోయింది, మా బిడ్డ అనూహ్య బడికి పోయింది. ఆయన తల ఎత్తకుండా చెప్పాడు. నేను అడగలేదు.

“తెల్లారంగనే వచ్చిండ్రు. ఊరు ఊరంత, పిల్లలు, మూటలు, మేకలు. ఎనక కాల్పులు మోగుతున్నయ్. క్యాంపు గేటు కాడ డ్యూటీ నాదే. లోపటికి రానియ్యాల్నంటే పైనుంచి మాట రావాలె. రేడియోల అడిగినం. ఆగుండ్రి అన్నరు. మళ్ళ అడిగినం. రెండు పక్షాలతోని మాట్లాడుతున్నం, ఆగుండ్రి అన్నరు. ఒక దిక్కు జనాన్ని లోపట పెట్టుకుంటే రెండో దిక్కోళ్ళు మనల్ని గూడ శత్రువు లెక్కన చూస్తరట. కంచె మీదికెల్లి నీళ్ళ సీసలు ఇసిరినం. పొద్దు నెత్తి మీదికొచ్చినంక తెరువుమన్నరు. తెరిచినం.”

“తెరిచినంక ఇగ ఏమైంది?”

“అప్పటికి సగంమంది లేరు. వీళ్ళు తెరవరనుకొని రోడ్డు పట్టుకొని పోయిండ్రు. కంకుల అవ్వ గూడ పోయింది. ఆ రోడ్డు మీదనే కాల్చిండ్రు.”

గింజలు తీయడం ఆపలేదు. నా చేతులే ఆగిపోయాయి.

“గేటు తాళం ఎవరి దగ్గర ఉండె?”

“నా దగ్గర్నే.”

నేను ఏమేం అన్నానో అన్నీ రాయలేను. తాళం చేతిలో పెట్టుకుని మనుషులు పోతుంటే చూస్తూ నిలబడ్డావా అన్నాను. ఆ అవ్వ చేతి కంకులు తిన్న నోటితో ఆగుమని ఎట్ల చెప్పినవ్ అన్నాను. ఉద్యోగం పోతే పోతుండె, కూలికి పోయి బతుకుతుంటిమి అన్నాను. నేనైతే తెరుస్తుంటి అన్నాను.

ఆయన గింజల గిన్నె పక్కకు పెట్టి, చేతులు కడుక్కుని, మోటరు చూసి వస్తానని చేను దిక్కు పోయాడు.

మార్చి 15

నేనైతే తెరిచేదాన్ని. రాత్రంతా ఇదే అనుకున్నాను. పైనుంచి మాట రావాలట! పైన కూర్చున్నవాళ్ళకు ఆ ఏడుపులు వినిపించవు. ఇక్కడ నిలబడ్డవాడికి వినిపిస్తాయి. వినిపించినవాడే తెరవాలి. దీనికి ఏ కాగితం కావాలి? పేరు శాంతిసేన, జేబులో తాళం, నోట్లో ఆర్డరు. వీళ్ళ బళ్ళకు తెల్లరంగు వేయడానికి పెట్టిన ఖర్చుతో ఆ ఊరికి ఒక గోడైనా కట్టేవాళ్ళు.

నేనైతే తెరిచేదాన్ని.

మార్చి 23

ఆయనతో సరిగా మాట్లాడి వారం దాటింది. ఇవాళ తానే కదిలించాడు.

“మేమున్న దినాలు ఆ అంగడి నడిచింది నవనీతా. మేం లేకపోతే అది గూడ నడవకపోవు. నడిచిన దినాలు ఎవరు రాస్తరు? మేం గూడ రాయలే. కాల్పులు అయిన దినమే రాసినం.”

“అయితే మంచిగ చేసిండ్రు అంటవా?”

“అంటలేను. ఉత్తగ ఉన్నం అని గూడ అనలేను.”

అదేం మాటో నాకు అర్థం కాలేదు. సగం కాపలా కాపలా ఎట్లా అవుతుంది? అన్నం పెట్టి పడుకున్నాను.

ఏప్రిల్ 16

బొడ్రాయి పండుగ సంగతి మాట్లాడడానికి ఊరంతా కూర్చుంది. సీసీ రోడ్డు వేసినప్పుడు కాంట్రాక్టర్ పాత బొడ్రాయిని, ఊరి నడుమ ఊరిని కాచే రాయిని, సిమెంటు కింద పూడ్చిపెట్టాడు. అప్పటి నుంచి ఊరికి అచ్చిరాలేదు. హైవే మీద ఇద్దరు పిల్లగాండ్లు పోయారు. పోయిన వానాకాలం డెంగీ వచ్చి మా అనూహ్య దవాఖానలో పడింది. రక్తకణాలు పడిపోతుంటే అత్త అక్కడే నేల మీద కూర్చుని, కొత్త బొడ్రాయి నిలబెట్టిస్తానని మొక్కుకుంది. నేను అంగన్‌వాడీ టీచర్ని, దోమతెరల గురించి ఊరందరికీ చెప్పేదాన్ని. ఆ రోజు నేనూ చేతులు జోడించాను.

మే మూడున పొలి. బలి రక్తం కలిపిన అన్నాన్ని పొలిమేర చుట్టూ చల్లుకుంటూ తిరుగుతారు. వాళ్ళు బయలుదేరిన దగ్గర్నుంచి చుట్టూ తిరిగి బొడ్రాయి దగ్గరికి చేరేదాకా ఊళ్ళో మనిషి బయటికి పోవద్దు, బయటి మనిషి లోపలికి రావద్దు. తొవ్వలన్నిటికీ వేపమండల తాడు కడతారు. మధ్యలో ఎవరైనా దాటితే పొలి తెగుతుంది. తెగితే ఆ ఏడు పిల్లలకు మంచిది కాదంటారు.

ఆయన లేచి అడిగాడు: “బట్టీ తాడుకు లోపటా, బయటా?”

“బట్టీ మన ఊరిదెట్లయితది శ్రీశైలం?” అన్నాడు లింగస్వామి మామ. “వానలు పడంగనే పోయేటోళ్ళు.”

“వాళ్ళ తొవ్వ మన ఊర్లకెల్లే కదా మామా. ఏదన్న అక్కరపడితే?”

“ఒక్క పూటకు ఏమైతది? ముందుగాల్నే చెబుదాం, ఆళ్ళు గూడ మనుసులే కదా, ఇంటరు. బట్టీ దిక్కు తాడు కాడ నువ్వే ఉండాలె. దేశాల కావలి కాసినోనివి, నిన్ను దాటి ఎవడొస్తడు?”

అందరూ చప్పట్లు. ఆయన నా దిక్కు చూశాడు. సుకాంతికి ఇంకా టైముంది, మే మధ్యలో గానీ కాదు. లెక్క చూసుకునే ఊరుకున్నాను.

మే 3

పొలి రోజు. రేపు రాస్తాను.

మే 4

ఈ ఊరి ముఖం చూడబుద్ధి కావడం లేదు.

పొలి బయలుదేరాక నేను ఆయనకు నీళ్ళు తీసుకుని తూర్పు తాడు దగ్గరికి పోయాను. ఆయనతో పాటు కర్రలు పట్టుకుని ఊరి పిల్లగాండ్లు కొందరు ఉన్నారు. పక్కింటి జంగమ్మ కూడా ఉంది. బట్టీ దిక్కునుంచి ట్రాక్టర్ వచ్చింది. ట్రాలీలో గడ్డి పరిచి సుకాంతిని పడుకోబెట్టారు. ఆమె మొగుడు దిగి చేతులు జోడించాడు. నొప్పులు. 108కు ఫోన్ చేశారు, అది హైవే దిక్కు తాడు అవతల వచ్చి ఆగింది. మధ్యలో మా ఊరు. ఎంత ఊరని? ఈ తాడు దగ్గర గట్టిగా అరిస్తే ఆ తాడు దగ్గర వినిపిస్తుంది.

పిల్లగాండ్లు కర్రలు అడ్డం పెట్టారు. జంగమ్మ నోరు చేసుకుంది: “గియ్యాల్నే దొరికిందా మీకు? పొలి తెగితే మా పోరగాండ్లకు ఎవలు దిక్కు?”

ఆయన ఫోన్ తీసి లింగస్వామి మామకు చేశాడు. ఇక్కడా ఫోనే! అక్కడ రేడియో, ఇక్కడ ఫోన్. మామ గొంతు నాకు కూడా వినిపించింది: “చెరువు కట్ట కాడున్నం. వస్తనే ఉన్నం. ఆపు, ఆపు. తాడు ముట్టకు.”

కొంచెంసేపు ఆగాడు.

తరువాత సుకాంతి అరిచిన అరుపు విన్నాక ఆయన ఎవరినీ అడగలేదు. ముడి విప్పి తాడు కింద పడేశాడు. “జరుగుర్రి” అన్నాడంతే. గట్టిగా కూడా అనలేదు. ఒకడు కర్ర ఎత్తితే ఆ కర్రను చేత్తో పట్టుకుని పక్కకు పెట్టాడు. ట్రాక్టర్ ముందు తానే నడుస్తూ ఊరు దాటించాడు. బొడ్రాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు దుమ్మెత్తి పోశారు. పడమటి తాడు కూడా తానే విప్పాడు.

లింగస్వామి మామ వచ్చి చేసిన రభస రాయడానికి ఈ పేజీలు చాలవు. పొలి తెగింది, ఊరి నోట్లో మన్ను కొట్టినవ్ అన్నాడు. శాలువా కప్పిన చేతులే చొక్కా పట్టుకున్నాయి. ఫిబ్రవరిలో కొట్లాటలు ఆపిన వీరుడు! ఒక ఆడమనిషిని కాన్పుకు పోనిచ్చినందుకు మే నెలలో ద్రోహి. మనుషులా వీళ్ళు? ఆ పిల్ల గడ్డి మీద కొట్టుకుంటుంటే రాయికి నీళ్ళు పోస్తూ నిలబడ్డారు. థూ.

మే 6

దవాఖానకు పోయి వచ్చాను. సుకాంతి బాగుంది. మగపిల్లాడు. అద్దాల పెట్టెలో పెట్టారు.

“పుట్టంగనే ఏడవలేదు,” అంది సిస్టర్. “లేటుగా ఏడ్చిండు. లోపట చాలసేపు ఇరుక్కున్నడు.”

ఏమైనా అవుతుందా అని అడిగాను. ఇప్పుడే తెలియదంది. మెడ నిలపడం, కూర్చోవడం, మాటలు, ఒక్కొక్కటి చూసుకుంటూ పోవాలంది. నాకు చెప్పాల్సిన అవసరం లేదు. ఆలస్యంగా ఏడ్చిన పిల్లలు నా సెంటర్లో ఉన్నారు. బీరప్ప మనవరాలికి అయిదేళ్ళు, ఇప్పటికీ చెంచా పట్టలేదు. ఈ పిల్లాడికి ఏమవుతుందో నాకు ఎప్పటికీ తెలియదు. వానలు పడగానే వాళ్ళు వెళ్ళిపోతారు.

ముందే వచ్చి ఉంటే బాగుండేదా అని సిస్టర్‌ను అడగలేదు.

మే 7

నాలుగో తారీకున రాసింది మళ్ళీ చదివాను. ఊరిని తిట్టింది ఎంత వరసగా వచ్చిందో! “కొంచెంసేపు ఆగాడు” అని ఒక్క ముక్క రాసి దాటేశాను.

లింగస్వామి మామ ఫోన్లో ఆపమన్నాక ఆయన ఆగలేదు. ముడి మీద చేయి వేసి నా దిక్కు తిరిగాడు. “నవనీతా, నువ్వు చెప్పు. నీ దగ్గర పేరు రాసుకున్న మనిషి. ఆగుతదా?” అన్నాడు.

అక్కడున్నవాళ్ళలో తెలిసినదాన్ని నేనే. ట్రాలీ దగ్గరికి పోయి చూశాను. చీర తడిసిపోయి ఉంది. ఉమ్మనీరు పోయిందంటే ఏమిటో ఊరందరికీ చార్టు పెట్టి చెప్పేది నేనే. నాకు అప్పుడు డెంగీ నాడు అద్దాల కిటికీ వెనక పడుకున్న అనూహ్య కనిపించింది, చేతికి సూది, పక్కన అత్త. పొలి తెగుతుందనుకున్నాను.

“మొదటి కాన్పు గదా, టైం పడుతది. పొలి వచ్చేదాక ఆగొచ్చు,” అన్నాను.

టీచర్ చెప్పింది కాబట్టి ఆయన చేయి తీశాడు. ఆయన ఆగింది సర్పంచ్ మాటకు కాదు. నా మాటకు.

నేను లేవబోతూనే ఉన్నాను, ఇంకొక్క నిమిషముంటే నేనే తాడు విప్పేదాన్ని అని రాద్దామనుకున్నాను. అబద్ధం. నేను సుకాంతి చేయి పట్టుకుని “ఓర్చుకో, ఓర్చుకో” అంటూ చెరువు కట్ట దిక్కు చూస్తున్నాను.

మార్చిలో నేను ఆయనను ఎన్ని అన్నాను! ఆయన ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మాట అంటే బాగుండు. సాయంత్రం నేనే అన్నాను, “నేను తప్పు చెప్పిన” అని. ఆయన, “అసొంటప్పుడు ఎవరన్న ఆగుమంటే మనకు గూడ జర పానం నిమ్మలమైతది,” అన్నాడు. ఆయన అన్నది నా గురించేనో, తన గురించేనో నేను అడగలేదు.

ఎవరిని తిట్టి ఈ కోపం దించుకోవాలి? పైనున్నవాళ్ళను తిట్టాను, మొగుణ్ణి తిట్టాను, ఊరిని తిట్టాను. నన్ను నేను తిట్టుకోవడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది. అంత మర్యాద నాకు నేనే ఇచ్చుకున్నాను.

మే 12

మళ్ళీ పొలి చల్లుతారట, పదిహేడున. లింగస్వామి మామ మా వాకిట్లోకి వచ్చి నిలబడి చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఆ పూట శ్రీశైలం తాడు బయటుండాలె. పెద్దమనుసులు అనుకున్న మాట. ఆడోళ్ళు, పిల్ల లోపట్నే ఉండొచ్చు. వాళ్ళ తప్పేం లేదు.”

“తప్పు నాది గూడ ఉంది మామా,” అన్నాను.

“నీదేమున్నదమ్మా? నువ్వు ఆపుమనే అన్నవట గదా. జంగమ్మ చెప్పింది. ఇంట్ల ఒక్కరికన్న తెలివి ఉంది.”

ఊరు నన్ను మెచ్చుకుంటోంది! ఆయన గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. నాకు భూమిలోకి పోదామనిపించింది.

“ఈసారి బట్టీ తొవ్వను తాడుకు లోపట పెట్టుండ్రి,” అని మాత్రం ఆయన అన్నాడు.

“చూద్దాంలే,” అని మామ వెళ్ళిపోయాడు. పెట్టరు. నాకు తెలుసు.

మే 17

పెట్టలేదు. తాడు అదే చోట కట్టారు.

పొద్దున్నే ఆయన బయలుదేరితే నేనూ చెప్పులు వేసుకున్నాను. అత్త అడ్డం నిలబడింది: “నిన్ను లోపట్నే ఉండుమన్నరు గదనే.” పోతానన్నాను. “పోరిని తీస్కపోకు. నీకు దండం పెడత,” అంది. అనూహ్యను అత్త దగ్గరే వదిలేశాను. నా బిడ్డను నేను తాడు లోపలే ఉంచాను. అది కూడా రాస్తున్నాను.

తాడు దగ్గర పిల్లగాండ్లు మమ్మల్ని బయటికి పంపి వెనక ముడి బిగించారు. ఎవరూ ఎవరి ముఖాలూ చూసుకోలేదు. ఈసారి కాన్పుకో పాము కాటుకో ఎవరైనా వస్తే ఈ తాడు దగ్గర ఎవరు విప్పుతారు? కావలి కాసేవాడిని బయటికి గెంటి ఊరు నిశ్చింతగా ఉంది. బట్టీ ఓనర్‌తో మాట్లాడి ఆయన హైవేకు చేల మీదుగా ట్రాక్టర్ పోయే దారి ఉందేమో చూడడానికి వెళ్ళాడు. నేను గుడ్ల సంచి పట్టుకుని గుడిసెల దిక్కు పోయాను.

సుకాంతి గుడిసె ముందు మంచం మీద కూర్చుని ఉంది. నిన్ననే దవాఖాన నుంచి పంపారు. పిల్లాడు ఒళ్ళో నిద్రపోతున్నాడు. వేలు పెడితే పట్టుకుంటాడేమో చూద్దామని చేయి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. చూడాలంటే భయం వేసింది.

దూరంగా డప్పులు మోగాయి. పొలి బయలుదేరింది.

“ఈసారి మంచిగ అవుతది కదా మేడం?” అంది సుకాంతి. వచ్చిన తెలుగంతా కూడగట్టుకుని అడిగింది. “నా వల్ల ఖరాబ్ అయింది అన్నారు. ఊరి పిల్లలకు ఏం కాదు కదా?”

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు. చెంప మీద కొట్టినట్టు అయింది.

“నీ వల్ల కాదు,” అన్నాను. “ఆ రోజు ఆగొచ్చని చెప్పింది నేనే. నీకు ఆగేటట్టు లేదని నాకు ఎరుకే. ఎరుకుండి చెప్పిన.”

అర్థమైందో లేదోనని మళ్ళీ చెప్పబోయాను. ఆమె తల ఊపింది.

“తెలుసు మేడం. అప్పుడు నేను నిన్నే చూస్తున్నా.”

కోపంగా అనలేదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని లేచి, నా చేతిలోంచి గుడ్ల సంచి తీసుకుని గుడిసెలోకి పోయింది.